హెర్నియా అనుమానం ఉన్నప్పుడు జిమ్‌లో బరువులు ఎలా సర్దుకోవాలి

హెర్నియా ఉందేమో అన్న అనుమానం వచ్చాక బరువులెత్తేవాళ్లు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని కిలోల దాకా పర్వాలేదు?" అని. దానికి ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం కుదరదు. పొట్ట గోడలో బలహీనపడిన చోట లోపలి కొవ్వో, పేగు భాగమో బయటికి తోసుకురావడమే హెర్నియా. దాన్ని తోసేది చేతిలోని బరువు కాదు, పొట్ట లోపల పెరిగే ఒత్తిడి. వీపు ఆనించి కూర్చుని, ఊపిరి వదులుతూ 15 కిలోలు నెట్టినా ఏమీ కాకపోవచ్చు. అదే మనిషి వంగి, ఊపిరి బిగబట్టి 10 కిలోల ప్లేటును నేలమీంచి లాగితే ఉబ్బు బయటికి రావచ్చు. కాబట్టి కిలోలకన్నా ముందు ఒత్తిడి సంగతి చూసుకోవాలి.

పెద్దవాళ్లలో హెర్నియా వ్యాయామంతో మూసుకుపోదు. పొట్ట కండరాలు గట్టిపడితే అదే సర్దుకుంటుందన్న మాట నమ్మి క్రంచెస్ మొదలుపెట్టకండి. ఇక్కడ చెప్పేది నయం చేసే పద్ధతి కాదు. డాక్టర్ తేల్చేదాకా, ఆపరేషన్ అవసరమైతే ఆ రోజు వచ్చేదాకా, కండ కరగకుండా, ఉబ్బు మీద భారం పడకుండా నెట్టుకొచ్చే పద్ధతి.

ఇవి కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకి

ఎప్పుడూ లోపలికి పోయే ఉబ్బు ఈసారి పడుకున్నా పోకపోవడం, గట్టిపడి ముట్టుకుంటే బాగా నొప్పి పెట్టడం, పైన చర్మం ఎర్రబడటం లేదా నల్లబడటం, వాంతులు, కడుపు ఉబ్బిపోవడం, మలం గానీ గ్యాస్ గానీ పోకపోవడం, జ్వరం. వీటిలో ఏది వచ్చినా పేగు ఇరుక్కుని దానికి రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు ఆలస్యమయ్యే ప్రతి గంటా ప్రమాదమే. ఉబ్బును బలవంతంగా లోపలికి నొక్కకండి. వెంటనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి డాక్టర్ చూసేదాకా ఏమీ తినకండి, తాగకండి. మగవాళ్లలో వృషణంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే అది మెలిపడి ఉండొచ్చు. అది హెర్నియా కాకపోయినా అంతే అత్యవసరం.

ఉబ్బును ఎలా చూసుకోవాలి

దీని ఉద్దేశం రోగనిర్ధారణ కాదు, డాక్టర్‌కి సరిగ్గా చెప్పగలగడం.

1. సాయంత్రం పూట, కాసేపు నిలబడి తిరిగాక అద్దం ముందు నిలబడి రెండు వైపులా పోల్చి చూడండి. పొద్దున్నే మంచం దిగగానే చూస్తే చాలాసార్లు ఏమీ కనిపించదు.

2. అనుమానం ఉన్న చోట రెండు వేళ్లు తేలిగ్గా ఆనించి దగ్గండి. వేళ్లకు ఏదైనా తోసుకొచ్చి తగులుతోందా గమనించండి.

3. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. ఉబ్బు తనంతట తాను లోపలికి పోయిందా, సగం పోయిందా, అలాగే ఉందా చూడండి.

4. సరిగ్గా ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. గజ్జ మడతకు పైనా, కిందా? బొడ్డులోనా? బొడ్డుకీ రొమ్ము ఎముకకీ మధ్యనా? పాత ఆపరేషన్ కుట్ల దగ్గరా? బయటికి వచ్చినప్పుడు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి కనిపించకుండా పోవడం మామూలే.

గజ్జ మడతకు కింద, తొడ పైభాగంలో ఉబ్బు ఉంటే ఈ వ్యాసంలో మిగతాదంతా పక్కన పెట్టి, బరువులు ఆపేసి త్వరగా చూపించుకోండి. ఆ రకం హెర్నియా ఆడవాళ్లలో ఎక్కువ, మిగతావాటికన్నా తేలిగ్గా ఇరుక్కుపోతుంది కూడా.

ఉబ్బు ఉన్నంత మాత్రాన హెర్నియా అని కాదు. గజ్జల్లో బిళ్ల కట్టినా, వరిబీజం ఉన్నా, కొవ్వు గడ్డ ఉన్నా అలాగే అనిపించవచ్చు. తల ఎత్తి లేవబోయేటప్పుడు పొట్ట మధ్యలో పొడుగ్గా గట్టులా లేస్తే అది రెండు పొట్ట కండరాలు ఎడంగా జరగడం కావచ్చు, దానికి వైద్యం వేరు. ఉబ్బు అసలు లేకుండా గజ్జల్లో నొప్పి మాత్రమే ఉంటే ఇంకో చిన్న పరీక్ష: పడుకుని మోకాళ్ల మధ్య పిడికిలి పెట్టి గట్టిగా అదమండి. తొడ లోపలి వైపు నొప్పి లేస్తే అక్కడి కండరం బెణికి ఉండే అవకాశం ఎక్కువ. అయినా రెండు వారాల్లో తగ్గకపోతే డాక్టర్ చూడాల్సిందే.

డాక్టర్ దగ్గర

వెళ్లాల్సింది జనరల్ సర్జన్ దగ్గరికి. పడుకోబెట్టి మాత్రమే చూస్తే చిన్న హెర్నియా దొరకకపోవచ్చు, అందుకే నిలబెట్టి దగ్గించి చూస్తారు. అల్ట్రాసౌండ్ రాస్తే, దగ్గుతూ, ముక్కుతూ ఉండగా కూడా చూడమని స్కాన్ చేసేవాళ్లకి గుర్తుచేయండి. "జిమ్‌కి వెళ్తాను" అని ఊరుకోకుండా ఏ వ్యాయామం, ఎన్ని కిలోలు, వారానికి ఎన్ని రోజులు అన్నది కాగితం మీద రాసి చూపించండి. కూర్చుని చేసేవి చేయొచ్చా, దేనికి పూర్తిగా దూరంగా ఉండాలి అన్నవి నేరుగా అడగండి. ఆయన చెప్పిందీ ఇక్కడ రాసిందీ వేరైతే ఆయన మాటే వినండి.

హెర్నియా అని తేలినా అందరికీ వెంటనే ఆపరేషన్ అక్కర్లేదు. గజ్జల హెర్నియా ఉండి పెద్దగా ఇబ్బంది లేని మగవాళ్ల మీద ఉత్తర అమెరికాలో జరిగిన అధ్యయనం ఒకటి 2006లో జామా వైద్యపత్రికలో వచ్చింది. ఆపరేషన్ వాయిదా వేసి గమనిస్తూ ఉన్నవాళ్లలో హెర్నియా హఠాత్తుగా ఇరుక్కుపోవడం ఏడాదికి వెయ్యిమందిలో ఇద్దరికన్నా తక్కువమందికే జరిగింది. అయితే అదే బృందాన్ని ఇంకా గమనిస్తే, పదేళ్లయ్యేసరికి సుమారు మూడింట రెండు వంతులమంది, ఎక్కువగా నొప్పి వల్ల, ఆపరేషన్‌కే వెళ్లారు. అంటే హడావిడి పడక్కర్లేదు, మర్చిపోయి కూర్చోవడమూ కుదరదు. ఆడవాళ్లకి ఈ లెక్క వర్తించదు.

అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఆపాల్సినవి

నేలమీంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్, బరువైన స్క్వాట్, బార్‌ను ఒక్క ఊపున భుజాలకో తలపైకో లేపే క్లీన్, స్నాచ్, నిలబడి తలపైకి నెట్టే బరువైన ప్రెస్, రెండు చేతుల్లో బరువులతో నడక, వంగి చేసే బార్‌బెల్ రో, దూకే వ్యాయామాలన్నీ ఆపండి. పొట్ట కోసం చేసే సిటప్స్, క్రంచెస్, వేలాడుతూ కాళ్లెత్తడం, చక్రం తోయడం కూడా అంతే. రోయింగ్ మెషిన్, స్ప్రింట్లు వద్దు. నడక, నిటారుగా కూర్చునే సైకిల్ పర్వాలేదు.

బెల్టు గురించి చాలామందికి తప్పుడు నమ్మకం ఉంది. జిమ్ బెల్టు హెర్నియాను లోపల పట్టి ఉంచదు. బెల్టు పనిచేసేదే పొట్ట లోపల ఒత్తిడి పెంచి వెన్నుకు ఆధారమివ్వడం ద్వారా. ఆ ఒత్తిడి గజ్జల వైపు తోస్తుంది. కాబట్టి తీసి పక్కన పెట్టండి. హెర్నియా కోసం విడిగా అమ్మే పట్టీలు డాక్టర్ చెబితేనే, అదీ ఉబ్బు లోపలికి పోయాకే కట్టుకోవాలి.

ఎంత బరువు: ఊపిరే కొలమానం

గొంతు మూసి ఊపిరి బిగబడితే పొట్ట లోపల ఒత్తిడి ఒక్కసారిగా లేస్తుంది. బరువైన లిఫ్టుల్లో ఇది కావాలని చేసేదే, వెన్ను నిలబడేది దానివల్లే. హెర్నియా అనుమానం ఉన్నన్నాళ్లూ అది వద్దు, అది లేకుండా లేవని బరువూ వద్దు. మీ గరిష్ఠ బలంలో సుమారు 80 శాతం దాటాక ఊపిరి బిగబట్టడం మనం వద్దనుకున్నా జరిగిపోతుంది. తక్కువ బరువుతోనైనా ఇక ఒక్కటీ రాదన్నంతవరకు లాగితే చివరి రెప్స్‌లో (ఒక్కసారి ఎత్తి దించడం ఒక రెప్) జరిగేదీ అదే. చాలామంది ఇక్కడే మోసపోతారు. బరువు సగానికి తగ్గించాం కదా అని 25, 30 రెప్స్ దాకా మూలుగుతూ లాగుతారు, ఉబ్బు సాయంత్రానికి బయటికొస్తుంది.

అందుకే రెండు హద్దులూ కలిపి పాటించండి. బరువు మీరు అదే వ్యాయామానికి మామూలుగా వాడేదానిలో సగం. రెప్స్ 10 నుంచి 15 మధ్య, సెట్టు (ఆగకుండా వరుసగా చేసే రెప్స్) దించేసరికి ఇంకో నాలుగైనా తేలిగ్గా చేయగలిగేలా ఉండాలి.

ఇది పాటిస్తున్నారో లేదో తెలుసుకోవడానికి పైకి లెక్కపెట్టడమంత నమ్మకమైన పద్ధతి ఇంకోటి లేదు. బరువు కిందికి దిగేటప్పుడు ఊపిరి పీల్చుకోండి. నెట్టడం మొదలయ్యే ముందే వదలడం మొదలుపెట్టి, కష్టమైన భాగమంతా "ఒక...టి", "రెం...డు" అని సాగదీసి పలకండి. మాట వస్తోందంటే గొంతు తెరుచుకుని ఉన్నట్టే. మాట మధ్యలో తెగినా, గొంతు నొక్కుకుపోయినట్టు వచ్చినా, మూలుగు బయటపడినా ఆ సెట్టు అక్కడితో దించేయండి. పక్కవాళ్లు చూస్తారని మొహమాటమైతే పెదాలు సున్నాలా చేసి సన్నగా ఊదండి, అదీ పనిచేస్తుంది.

తక్కువ బరువు చప్పగా అనిపిస్తే బరువు పెంచే బదులు దించే వేగం తగ్గించండి. మూడు సెకన్లపాటు దించి, కింద ఒక సెకను ఆగి నెట్టండి. ఒక చేత్తో, ఒక కాలితో చేయగలిగినవి అలా చేయండి. ఆగినప్పుడు ఊపిరి ఆగకుండా చూసుకోండి, నెమ్మదిగా చేసేటప్పుడు అది మర్చిపోవడం తేలిక.

సెట్టు కన్నా సెట్టుకు ముందూ వెనకా

హెర్నియాకు దెబ్బ తగిలేది చాలాసార్లు వ్యాయామం మధ్యలో కాదు. ప్లేట్లు మోసేటప్పుడు, డంబెల్స్ నేలమీంచి తీసేటప్పుడు, బెంచ్ మీంచి లేచేటప్పుడు. సెట్టులో ఊపిరి మీద ఎంత ధ్యాస పెట్టినా ఈ పనులప్పుడు ఎవరూ పెట్టరు.

డంబెల్ ప్రెస్సే తీసుకోండి. 20 కిలోల జత నేలమీంచి ఎత్తి, ఒళ్లో పెట్టుకుని, మోకాళ్లతో తన్ని ఛాతీ మీదికి తెచ్చుకోవడం, అయ్యాక వాటితోపాటే సిటప్ చేసినట్టు లేవడం. ప్రెస్ కన్నా ఈ రెండు కదలికల్లోనే పొట్టమీద ఎక్కువ భారం పడుతుంది. దాని బదులు పిన్ను మార్చి బరువు పెట్టుకునే చెస్ట్ ప్రెస్ మెషిన్ వాడండి. డంబెల్సే కావాలంటే, పక్కన మనిషి అందించి, అయ్యాక తీసుకునేలా చూసుకోండి. బెంచ్ మీంచి నేరుగా లేవకండి. మోకాళ్లు మడిచి పక్కకు ఒత్తిగిలి, చేత్తో తోసుకుంటూ లేవండి. ఇంట్లో మంచం దిగేటప్పుడూ ఇంతే.

ప్లేట్లు తప్పవంటే 20 కిలోలది ఒకటి కాకుండా 5 కిలోలవి ఒక్కొక్కటిగా, నడుము ఎత్తులో ఉన్న స్టాండు నుంచి తీసి, ఒంటికి ఆనించి పట్టుకుని తీసుకెళ్లండి. కింది వరసలో ఉన్నవాటిని వదిలేయండి. అడిగితే సాయం చేయని జిమ్ ఉండదు, అడగడానికి వెనకాడకండి.

దేని బదులు ఏది

కాళ్లకు: స్క్వాట్ బదులు లెగ్ ఎక్స్‌టెన్షన్, కూర్చుని చేసే లెగ్ కర్ల్, మడమలు లేపే కాఫ్ రైజ్. కుర్చీ ఎత్తు బెంచ్ మీద కూర్చుని లేవడం, మొదట వట్టి చేతులతో, తర్వాత ఛాతీకి ఆనించి 5 కిలోలతో చేయొచ్చు. లెగ్ ప్రెస్ చూడటానికి క్షేమంగా అనిపిస్తుంది గానీ, మోకాళ్లు ఛాతీ దాకా వచ్చేలా దించితే తొడలు పొట్టను నొక్కుతాయి, ఊపిరీ ఆగుతుంది. డాక్టర్ సరేనంటే సీటు వెనక్కి జరిపి, మోకాలు 90 డిగ్రీలు దాటి మడవకుండా, తక్కువ బరువుతో. గజ్జల హెర్నియా అయితే కాళ్లు బాగా ఎడంగా పెట్టే స్క్వాట్లు, పొడవాటి అంగలు, తొడలు దగ్గరికి నొక్కే మెషిన్ ఆ చోటే లాగుతాయి, మానేయండి.

వీపుకు: లాట్ పుల్‌డౌన్, కూర్చుని లాగే కేబుల్ రో. ఛాతీని ప్యాడ్‌కి ఆనించి చేసే రో గజ్జల హెర్నియాకు మంచిది. బొడ్డు దగ్గర ఉబ్బు ఉంటే ప్యాడ్ దానిమీదే నొక్కుతుంది, వద్దు. పుల్ అప్స్‌లో కాళ్లు విసరడం, చివర్లో పెనుగులాట తప్పవు కాబట్టి ఇప్పటికి వదిలేయండి.

ఛాతీ, భుజాలు, చేతులకు వీపు ఆనించి కూర్చుని చేసేవన్నీ దాదాపు అలాగే కొనసాగించవచ్చు. చెస్ట్ ప్రెస్‌లో నడుము విల్లులా లేపకండి. కేబుల్ పుష్‌డౌన్ నిలబడి చేసినా పర్వాలేదు, ఒళ్లంతా వేలాడేసి నొక్కనంతవరకు.

పొట్టకు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, ఊపిరి వదులుతూ ఒక మడమను నేలమీద జార్చుతూ చాపి వెనక్కి తీసుకోండి. ఒక్కో కాలికి 8 సార్లు, రెండు సెట్లు. చేస్తున్నంతసేపూ ఒక చేయి ఉబ్బు ఉన్నచోట ఉంచండి. తోసుకొస్తే అదీ ఆపండి. ముంజేతుల మీద ఒళ్లు తిన్నగా ఆపి ఉంచే ప్లాంక్ తేలికైనదే అనుకుంటారు గానీ బొడ్డు దగ్గరి హెర్నియాలో పొట్ట బరువంతా ముందువైపుకే వేలాడుతుంది. సర్జన్ చూసేవరకు దాని జోలికి పోవద్దు.

ఒక రోజుకి ఇంత చాలు: 10 నిమిషాల నడక, చెస్ట్ ప్రెస్, లాట్ పుల్‌డౌన్, లెగ్ ఎక్స్‌టెన్షన్, లెగ్ కర్ల్, కూర్చుని షోల్డర్ ప్రెస్, కేబుల్ రో. ఒక్కోటి రెండేసి సెట్లు, మధ్యలో 90 సెకన్ల విరామం, వారానికి రెండు మూడు రోజులు. కండ పెంచడానికి పట్టేంత శ్రమ ఉన్న కండను నిలబెట్టుకోవడానికి అక్కర్లేదు. కొన్ని వారాలు ఇలా గడిస్తే మీరు కట్టుకున్నదంతా పోతుందన్న భయం వదిలేయండి.

శరీరం ఏం చెబుతోందో చదవడం

వ్యాయామం మధ్యలో ఉబ్బు బయటికొస్తే ఆపి, పడుకుని, మోకాళ్లు మడిచి నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. తనంతట తాను పోతే ఆ రోజుకి ఇక చాలు, ఆ వ్యాయామాన్ని జాబితాలోంచి తీసేయండి. పోకపోతే, నొప్పి పెరుగుతుంటే మొదట్లో చెప్పిన ఎమర్జెన్సీ మాటే. ఉబ్బు రాకపోయినా మర్నాటి సాయంత్రం దాకా గజ్జల్లో లాగుతున్నట్టు, బరువుగా ఉంటే తర్వాతి సారి అన్ని బరువులూ మూడో వంతు తగ్గించండి. ఏ వ్యాయామం, ఎన్ని కిలోలు, ఆ రాత్రి ఉబ్బు ఎలా ఉంది అన్నది ఒక వరుసలో రాసి పెట్టుకోండి. రెండు వారాల్లో ఉబ్బు పెద్దదవుతున్నట్టు కనిపిస్తే సర్జన్‌కి ఫోన్ చేయండి.

వ్యాయామానికి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు. మిమ్మల్ని ఆపాల్సిన నొప్పి తెలియకుండా పోతుంది.

జిమ్‌లో ఇంత జాగ్రత్త పడి టాయిలెట్‌లో ముక్కుతూ కూర్చుంటే లాభం లేదు. ప్రోటీన్ పౌడర్ పెంచి పీచు, నీళ్లు తగ్గించినవాళ్లకి మలబద్ధకం మామూలే, ముందు అది సరిచేసుకోండి. పాదాల కింద చిన్న పీట పెట్టుకుని, ముందుకు వంగి కూర్చుంటే ముక్కే అవసరం తగ్గుతుంది. వదలని దగ్గు ఉంటే దానికి వైద్యం చేయించుకోండి. దగ్గు వచ్చే క్షణంలో ఉబ్బు మీద అరచేయి ఆనించి ఉంచండి. వయసు మళ్లిన మగవాళ్లు మూత్రానికి ముక్కాల్సి వస్తుంటే ఆ సంగతీ డాక్టర్‌కి చెప్పాలి.

ఆపరేషన్ అయ్యాక

నడక ఆ రోజో మర్నాడో మొదలవుతుంది. మామూలు పనులకు, నొప్పి లేనంతవరకు, త్వరగానే తిరిగి వెళ్లనిస్తారు. బరువులకు సర్జన్లు ఎక్కువగా 4 నుంచి 6 వారాలు ఆగమంటారు. పెద్ద హెర్నియా, పాత కుట్ల దగ్గర వచ్చిన హెర్నియా అయితే ఇంకా ఎక్కువ. మీ సర్జన్ అనుమతి ఇచ్చాక మొదటి రెండు వారాలు పైన చెప్పిన పద్ధతే, పైకి లెక్కపెడుతూ. తర్వాత స్క్వాట్‌ను ఖాళీ బార్‌తో, డెడ్‌లిఫ్ట్‌ను మోకాలి ఎత్తులో స్టాండు మీంచి మొదలుపెట్టి వారానికి 5 నుంచి 10 శాతం పెంచుకోండి. ఒకే వారంలో బరువూ సెట్లూ రెండూ పెంచవద్దు. ఊపిరి బిగబట్టి ఎత్తడం, బెల్టు కట్టడం అన్నిటికన్నా చివర. అప్పటికి అదే బరువును కనీసం రెండు వారాలు ఇబ్బంది లేకుండా ఎత్తి ఉండాలి.

కుట్టు చుట్టూ కొంత తిమ్మిరి, లాగుతున్నట్టు ఉండటం కొన్నాళ్లు మామూలే. అదే చోటగానీ రెండోవైపుగానీ కొత్తగా ఉబ్బు కనిపిస్తే, లేదా ఒక కదలికలో ప్రతిసారీ పొడిచినట్టు నొప్పి వస్తే, బరువు తగ్గించి చూద్దాంలే అనుకోకుండా ఆ వారమే సర్జన్‌కి చూపించండి.